‘ఓటు మీ హక్కు’ అంటే సరిపోదు... ‘ఎన్ని గంటలకు బయలుదేరుతున్నారు?’ అని అడగాలి
మన్యంలో ఓటుకు, గ్రామసభకు జనాన్ని కదిలించే మాట ఏది? ప్రవర్తనా శాస్త్రం చెబుతున్న పాఠాలు

అరకులోయ: ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన్యంలోని మండల కేంద్రాల్లో ఒకే తరహా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘ఓటు మీ జన్మహక్కు’, ‘ఓటు వజ్రాయుధం’ అని వాటిపై పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. బడి పిల్లలతో ర్యాలీ, అధికారుల ప్రతిజ్ఞ, మానవహారం యథావిధిగా జరుగుతాయి. ఇవన్నీ తారురోడ్డు వెంబడే. ఆ రోడ్డు దిగి, గెడ్డ దాటి, కొండెక్కి వెళ్లాల్సిన గూడేనికి ఆ ఫ్లెక్సీ చేరదు. ఒకవేళ చేరినా అందులోని తెలుగు అక్కడి ముసలివారికి కొరుకుడు పడదు. కువి, ఆదివాసీ ఒడియా, పోర్జా, గదబ మాటల మధ్య పుట్టి పెరిగిన వారికి ‘వజ్రాయుధం’ అనే మాట ఏ పనినీ గుర్తు చేయదు.

ఓటు హక్కు ఉందని గిరిజనులకు తెలియక కాదు. తెలిసినా పోలింగ్‌ రోజున కాలు కదలకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. తెలిసిన సంగతికీ, చేసే పనికీ మధ్య ఉండే ఆ దూరాన్ని కొలిచేదే ప్రవర్తనా శాస్త్రం. మనిషి లాభనష్టాలను లెక్కగట్టుకునే నడుస్తాడన్న పాత నమ్మకాన్ని ఈ శాస్త్రం ఒప్పుకోదు. పక్కవాడు ఏం చేస్తున్నాడు, పని ఎంత సులువు, మాట ఎవరి నోట వచ్చింది అన్నవే చాలాసార్లు నిర్ణయాన్ని మలుపు తిప్పుతాయని అంటుంది. ఈ రంగంలో కృషికి అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్‌ థేలర్‌ 2017లో నోబెల్‌ బహుమతి అందుకున్నారు. మన దేశంలో 2018-19 ఆర్థిక సర్వే ఇందుకోసం ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. స్వచ్ఛభారత్‌, బేటీ బచావో-బేటీ పఢావో పథకాలను అందులో ఉదాహరణలుగా చూపింది.

ఈ సూత్రాలు అరకు కొండలకు ఏ మేరకు పనికొస్తాయి? ఎక్కడ పనికిరావు? ఇదీ పరిశీలన.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2008 నియోజకవర్గాల పునర్విభజనతో అరకు లోక్‌సభ స్థానం ఏర్పడింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం అసెంబ్లీ స్థానాలు దీని పరిధిలోవి. ఉత్తరాన శ్రీకాకుళం వైపు కొండల నుంచి దక్షిణాన గోదావరి మన్యం దాకా విస్తరించిన ఈ స్థానంలో 2009లో తొలిసారి ఎన్నిక జరిగింది. 2024 మే 13న జరిగిన ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద దాదాపు 82 శాతం పోలింగ్‌ నమోదైంది. అరకు స్థానంలో అది 70 శాతం దాటినా 80కి చేరలేదు.

మరో లెక్క ఇంతకన్నా ఆలోచింపజేస్తుంది. సుప్రీంకోర్టు 2013 తీర్పుతో ‘నోటా’ మీట అందుబాటులోకి వచ్చింది. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో దాదాపు 48 వేల ఓట్లు నోటాకు పడ్డాయి. 2024లో అవి 50 వేలు దాటాయి. ఆ ఎన్నికలో విజేత ఆధిక్యం కూడా సుమారు 50 వేలే. ఇంతమంది కొండదారిన నడిచి వచ్చి, వరుసలో నిలబడి, ‘ఎవరూ వద్దు’ అని మీట నొక్కారు. ఇందులో కొంత నిరసన. కొంత యంత్రంపై గందరగోళమని చెప్పేవారూ ఉన్నారు. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి వంతున రెండు యంత్రాలు ఉంటాయి. నోటా మీట జాబితాలో అందరికన్నా చివర ఉంటుంది. నిరసన ఎంతో, పొరపాటు ఎంతో విడదీయాలంటే ముందుగా ప్రతి గూడెంలో యంత్రాన్ని చేత్తో ముట్టి చూసే అవకాశం కల్పించాలి. ఫ్లెక్సీ ఆ పని చేయలేదు.

నలుగురితో నారాయణ!

ఓటు సందేశాలపై ప్రపంచంలో ఎక్కువగా చెప్పుకొనే ప్రయోగం అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రంలో జరిగింది. 2006 ఆగస్టు ప్రాథమిక ఎన్నికలకు ముందు అలన్‌ గెర్బర్‌, డోనాల్డ్‌ గ్రీన్‌, క్రిస్టఫర్‌ లారిమర్‌ అనే పరిశోధకులు వేల ఇళ్లకు నాలుగు రకాల ఉత్తరాలు పంపారు. ఏ ఉత్తరమూ అందని వారిలో 29.7 శాతం మంది ఓటు వేశారు. ‘ఓటు పౌరధర్మం’ అని మాత్రమే రాసిన ఉత్తరం అందుకున్న వారిలో 31.5 శాతం మంది వేశారు. ఇంట్లోవారితో పాటు ఇరుగుపొరుగువారు గత ఎన్నికల్లో ఓటు వేశారో లేదో జాబితాగా రాసి, ‘ఈసారి కూడా ఇలాగే అందరికీ తెలియజేస్తాం’ అని పంపిన ఉత్తరం అందినవారిలో మాత్రం 37.8 శాతం మంది ఓటు వేశారు. ధర్మబోధ కదిలించింది రెండు శాతంలోపే. ఇరుగుపొరుగు కన్ను కదిలించింది ఎనిమిది శాతం.

‘నలుగురితో నారాయణ’ అని మన పెద్దలు చెప్పిన మాట ఇదే. అయితే మిషిగన్‌ ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్లుగా మన్యానికి తేకూడదు. ఫలానా ఇల్లు ఓటు వేయలేదని ఊరి మధ్య చదివితే అది అవమానం అవుతుంది. ముప్పై నలభై గడపల గూడెంలో అవమానం తరాల పగగా మారవచ్చు. పార్టీల వారీగా చీలిన ఊళ్లలో అటువంటి జాబితా దుర్వినియోగం కావడానికి ఎంతో సమయం పట్టదు. ఇరుగుపొరుగు ప్రభావం కావాలి గానీ, నిఘా అక్కర్లేదు.

ఆ తేడాను మన పొరుగుదేశంలో జరిగిన ప్రయోగం చక్కగా చూపించింది. 2008 ఎన్నికల ముందు పాకిస్థాన్‌లోని సింధ్‌ గ్రామాల్లో ఆర్థికవేత్తలు గ్జేవియర్‌ జీనే, గజాలా మన్సూరీ పర్యవేక్షణలో మహిళల వద్దకు ఇంటింటికీ మహిళలే వెళ్లారు. ఓటు ఎందుకు, రహస్యంగా ఎలా వేయాలి అన్నది బొమ్మలతో వివరించారు. అలా విన్న మహిళల్లో ఓటింగ్‌ 10 శాతానికి పైగా పెరిగింది. వారి ఇంటి పక్కనే ఉండి, ఎవరూ చెప్పని మహిళల్లోనూ పెరిగింది. ఎవరినీ సిగ్గుపరచలేదు. మాట ఒక వాకిట్లో నుంచి మరో వాకిట్లోకి తనంతట తానే నడిచింది.

మన్యంలో ఈ పనికి మనుషులు లేక కాదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్‌, మహిళా సంఘం నాయకురాలు ప్రతి గూడెం వాకిలీ ఎరిగినవారే. ఊరి నాయుడు, దిసారి చెప్పే మాటకు నేటికీ విలువ ఉంది. మైకులో వినిపించే అపరిచిత గొంతు కన్నా వారి నోటి నుంచి, ఊరి భాషలో వచ్చే మాట బలమైనది.

చెడ్డ లెక్క చెబితే చేటు

ప్రచారాల్లో తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. ‘మన మండలంలో పోలింగ్‌ చాలా తక్కువ. సగం మంది రావడం లేదు. ఇది సిగ్గుచేటు’ అని సభల్లో అంటుంటారు. అనేవారి ఉద్దేశం మంచిదే. వినేవారి చెవిలో మాత్రం ‘చాలామంది వెళ్లడం లేదట’ అనే మాటే నిలుస్తుంది. వెళ్లకపోవడం మామూలు విషయమే అనిపిస్తుంది.

అమెరికాలోని అరిజోనాలో శిలగా మారిన ప్రాచీన వృక్షాలున్న జాతీయ పార్కు ఉంది. సందర్శకులు ఆ కలప ముక్కలను జేబులో వేసుకుని పోతుండేవారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్‌ చాల్డీని బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ‘చాలామంది తీసుకుపోతున్నారు, అడవి రూపు మారిపోతోంది’ అన్న బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకువెళ్లకండి’ అని రాసినచోట పోయినవి 2 శాతం లోపే. చెడును ఎత్తిచూపిన బోర్డే చెడును పెంచింది.

అరకు స్థానంలో పదిమందిలో ఏడుగురికి పైగా ఓటు వేస్తున్నారు. చెప్పాల్సిన లెక్క అదే. ‘కొండలెక్కి దిగి మరీ పదిమందిలో ఏడుగురు వచ్చారు. మిగిలిన ముగ్గురి కోసం ఎదురుచూస్తున్నాం’ అన్న మాటలో అబద్ధం లేదు. నింద లేదు. తోడు రమ్మన్న పిలుపు ఉంది.

మూడు ప్రశ్నలు... ఒక ఓటు

2008లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ప్రాథమిక ఎన్నికల వేళ డేవిడ్‌ నికర్సన్‌, టాడ్‌ రోజర్స్‌ అనే పరిశోధకులు మరో ప్రయోగం చేశారు. ఓటర్లకు ఫోన్‌ చేయించి మూడు ప్రశ్నలు వేయించారు. ఎన్ని గంటలకు వెళ్తారు? ఎక్కడి నుంచి వెళ్తారు? దానికి ముందు ఏ పనిలో ఉంటారు? ఈ ప్రశ్నలకు జవాబిచ్చిన వారిలో ఓటింగ్‌ 4 శాతం మేర పెరిగింది. ఓటరు ఒక్కరే ఉన్న ఇళ్లలో 9 శాతం దాకా పెరిగింది. నలుగురున్న ఇంట్లో ఈ ముచ్చట ఎలాగూ నడుస్తుంది. ఒంటరివారికి అడిగే మనిషి ఉండరు. ఆ లోటును మూడు ప్రశ్నలు తీర్చాయి.

మన్యానికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం మరొకటి లేదు. ఎందుకంటే ఇక్కడ ఓటు ఒక పూట ప్రయాణం. ఓటరుకు రెండు కిలోమీటర్ల లోపే పోలింగ్‌ కేంద్రం ఉండాలన్నది ఎన్నికల సంఘం నియమం. కొండ ప్రాంతాల్లో అది అన్నిచోట్లా సాధ్యపడటం లేదు. పైగా 2024లో రాష్ట్రంలో ఎక్కువ చోట్ల సాయంత్రం 6 గంటల వరకు పోలింగ్‌ జరిగితే అరకులోయ, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకే ముగిసింది. పాలకొండ, కురుపాం, సాలూరులో 5 గంటలకు ముగిసింది. టీవీలో వచ్చే రాష్ట్రవ్యాప్త ప్రకటనను నమ్ముకుని, ఎండ తగ్గాక బయలుదేరుదామనుకున్న వారికి తలుపు మూసుకుపోయినట్లే. అంటే మన్యంలో ‘తప్పక ఓటు వేయండి’ అనే మాట కన్నా ‘నాలుగింటికే అయిపోతుంది, పొద్దున్నే వెళ్దాం’ అనే మాట వేయి రెట్లు విలువైనది.

మే నెలలో తెల్లవారుజామునే కూలికి, అడవికి వెళ్లేవారు ఎక్కువ. అందుకే అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉండాలి. ‘అక్కా, పొద్దున్న ఎన్ని గంటలకు బయలుదేరుతున్నావు? పశువులను ఎవరు చూస్తారు? చంటిబిడ్డను ఎవరి వద్ద ఉంచుతావు? కార్డు ఎక్కడ పెట్టావు?’ ఓటరు కార్డు దొరక్కపోయినా జాబితాలో పేరుంటే ఆధార్‌ వంటి ఇతర గుర్తింపు పత్రాలతో ఓటు వేయవచ్చని ఆ జవాబులోనే చెప్పేయవచ్చు. కొడుకులు పనులకు వలసపోయి ఒంటరిగా మిగిలిన వృద్ధుల ఇళ్లకు ముందుగా వెళ్లాలి. పెన్సిల్వేనియా పాఠం వారి విషయంలోనే ఎక్కువగా పనిచేస్తుంది.

సిరా చుక్క: గర్వమా, భయమా?

మైసూరు పెయింట్స్‌ సంస్థ తయారుచేసే చెరగని సిరా 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి దేశమంతటా ఓటరు వేలిపై మెరుస్తోంది. నిజానికి ఇది దొంగ ఓటును ఆపడానికి వచ్చింది. ఇప్పుడు అదే ప్రచార సాధనమైంది. సిరా వేలు చూపిస్తూ ఫోటో దిగడం పట్నాల్లో ముచ్చట. ఈ ముచ్చటకూ శాస్త్రం ఉంది. 2010 నవంబరులో అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్‌ తన 6.1 కోట్ల మంది వినియోగదారులపై ప్రయోగం జరిపింది. ఓటు వేసిన స్నేహితుల ముఖాలు కనిపించేలా సందేశం పెట్టడం వల్ల దాదాపు 3.4 లక్షల ఓట్లు అదనంగా పడ్డాయని పరిశోధకులు లెక్కగట్టారు.

మన్యంలో ఈ సిరాకు మరో అర్థం ఉండేది. మావోయిస్టుల ఎన్నికల బహిష్కరణ పిలుపు నడిచిన రోజుల్లో సిరా చుక్క ఓటు వేసిన సాక్ష్యం. సాక్ష్యం అంటే ప్రమాదం. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద అప్పటి ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన ఘటన జరిగిన కొద్ది నెలలకే 2019 ఎన్నికలు వచ్చాయి. అటువంటి వేళ ‘వేలు చూపించు’ అన్న ప్రచారం ధైర్యం ఇవ్వదు, భయపెడుతుంది. ఆ తర్వాతి సంవత్సరాల్లో మావోయిస్టుల పట్టు బాగా సడలింది. అయినా ఒక సంగతి మరువరాదు. ఒకచోట గర్వంగా కనిపించే గుర్తు మరోచోట గాయాన్ని తడుముతుంది. సందేశం రాసేవారు ముందుగా ఆ ఊరి జ్ఞాపకాన్ని చదవాలి.

మాటలతో రోడ్డు పడదు

రోడ్డు లేక రోగిని, గర్భిణిని డోలీలో మోసుకువెళ్లే గ్రామాలు మన్యంలో ఇంకా ఉన్నాయి. ‘రోడ్డు వేయనిదే ఓటు వేయం’ అని తీర్మానించుకునే గూడేలు ఎన్నికల వేళ వార్తల్లోకి వస్తుంటాయి. వీరిని ‘చైతన్యం లేనివారు’ అనడం తగదు. అందరూ కూర్చుని, మాట్లాడుకుని, ఒక మాట మీద నిలబడటం కూడా పౌర భాగస్వామ్యమే. వారిని కదిలించేది తియ్యని మాట కాదు, రోడ్డు.

ఈ శాస్త్రం హద్దు ఇక్కడే తెలుస్తుంది. వెళ్లాలని మనసులో ఉండి, బద్ధకం వల్లనో, మరుపు వల్లనో, తికమక వల్లనో ఆగిపోయిన వారిని సందేశం కదిలిస్తుంది. కడుపు మంటతో ఆగిన వారిని కదిలించదు. పైగా అన్ని సూత్రాలూ నిలబడలేదు. ‘ఓటు వేస్తారా?’ అని కాక ‘ఓటరు అవుతారా?’ అని అడిగితే పోలింగ్‌ పెరుగుతుందని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. 2016లో మరో బృందం పెద్ద ఎత్తున పరీక్షించగా ఆ ఫలితం కనిపించలేదు. కాబట్టి పరాయి దేశపు సూత్రాన్ని గుడ్డిగా నమ్మకుండా రెండు మూడు పంచాయతీల్లో పరీక్షించి చూసి, పనిచేసిందే మిగతాచోట్లకు తీసుకువెళ్లాలి.

ఇక బెదిరింపు మాట వేరు. ‘ఓటు వేయకపోతే పింఛను పోతుంది, రేషన్‌ ఆగిపోతుంది’ అని చెప్పడం ప్రేరణ కిందికి రాదు. అది అబద్ధం, ఓటరును బెదిరించడం చట్టరీత్యా నేరం. ప్రేరణకు, మోసానికి గీత సులువుగానే గీయవచ్చు. ‘మీకు ఈ పద్ధతిలో చెప్పాం’ అని ఆ ఊరి వారి ఎదుటే చెప్పగలిగితే అది ప్రేరణ. చెప్పలేకపోతే మోసం.

ఐదేళ్లకొక్క రోజు కాదు... గ్రామసభ ఏటా!

భాగస్వామ్యం అంటే ఓటు ఒక్కటే అనుకోవడం పెద్ద లోపం. షెడ్యూల్డ్‌ ప్రాంతంలో ఓటు కన్నా తక్కువ బలం కానిది గ్రామసభ. 1996 నాటి పీసా చట్టం ప్రకారం ఇక్కడ భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. రాష్ట్రంలో ఈ చట్టానికి 2011లో నియమాలు వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూముల దరఖాస్తులను తొలుత పరిశీలించేది గ్రామసభే. 2012 సవరణ నియమాల ప్రకారం ఆ సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చిన వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. కోరం లేకుంటే తీర్మానం నిలవదు. తీర్మానం నిలవకపోతే పట్టా కాగితం కదలదు. ఒక్క మహిళ రాకపోవడం వల్ల ఊరంతటి దస్త్రం ఆగిపోయే పరిస్థితి రావచ్చు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై మొదలైన పోరాటమే 1997లో సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పుకు దారితీసింది. షెడ్యూల్డ్‌ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు చెప్పింది. తర్వాత బాక్సైట్‌ తవ్వకాలకు 2015లో వచ్చిన జి.ఓ. 97ను మన్యం ఎదిరించింది. 2019లో అది రద్దయింది.

ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశాలోని నియమగిరి కథ ఇంకా గట్టిది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించగా, ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో 12 గ్రామాల్లో గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోంధులు సహా అక్కడి వారు తమ ఊళ్లోనే కూర్చుని, తమ భాషలో మాట్లాడారు. పన్నెండు సభలూ బాక్సైట్‌ గనిని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఆ రోజుల్లో వారికి ఎవరూ ‘మీ హక్కు’ అని ఫ్లెక్సీ కట్టలేదు. సభ వారి ఊళ్లో జరిగింది. విషయం వారి కొండది. వారి మాటకు విలువ ఉందని తెలిసింది. జనం కదలడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఓటుకు చెప్పిన సూత్రాలే గ్రామసభకూ వర్తిస్తాయి. వారపు సంత నాడు సభ పెడితే ఎవరూ రారు. మండల కేంద్రంలో పెడితే మహిళలు రారు. ‘గ్రామసభకు హాజరుకండి’ అని నోటీసు అంటించే బదులు, ఊరి పెద్దలు కూర్చునే చెట్టు కిందే సభ పెట్టి, ముందురోజు దండోరా వేయించి, ‘రేపు మన పోడు పట్టాల సంగతి, సగం మంది లేకుంటే సభ చెల్లదు, మీ ఇంటి నుంచి ఎవరు వస్తున్నారు?’ అని అడిగితే ఫలితం వేరుగా ఉంటుంది.

సందేశం ఇలా ఉంటే మేలు

• ఊరి భాషలో, ఊరి మనిషి నోట రావాలి. తెలుగు రాని పెద్దలకు బొమ్మలు, మాదిరి యంత్రం చూపించాలి.

• ‘రావడం లేదు’ అనే లెక్క వద్దు. ‘ఇంతమంది వస్తున్నారు’ అనే నిజమైన లెక్క చెప్పాలి.

• హక్కు గురించి ఒక్క మాట చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఏ కార్డుతో అన్నవే ఎక్కువ చెప్పాలి.

• పోలింగ్‌ ముగింపు సమయం స్థానికంగా ఎంతో అదే చెప్పాలి. రాష్ట్రమంతటికీ ఒకే ప్రకటన పనికిరాదు.

• బడి పిల్లలు తల్లిదండ్రులతో సంతకం చేయించుకొచ్చే సంకల్ప పత్రాల్లో ‘ఓటు వేస్తాను’తో పాటు ‘ఇన్ని గంటలకు వెళ్తాను’ అన్న వరుస కూడా చేర్చాలి.

• పేరు పెట్టి నిందించరాదు. పథకాలు పోతాయని బెదిరించరాదు.

• గత ఎన్నికల్లో, గత గ్రామసభలో జనం అడిగిన దానికి ఏమైందో మొదట చెప్పాలి. ఆ తర్వాతే మళ్లీ రమ్మనాలి.

చివరి సూత్రమే అన్నిటికన్నా ముఖ్యం. ఓటర్లలో చైతన్యం పెంచేందుకు ఎన్నికల సంఘం 2009 నుంచి ‘స్వీప్‌’ కార్యక్రమం నడుపుతోంది. 2011 నుంచి ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం జరుపుతోంది. వీటితో పిలుపు నేర్చుకున్నాం. బదులు చెప్పడమే ఇంకా నేర్వలేదు. కొండ దిగి వచ్చి ఓటు వేసిన మనిషికి, సభలో లేచి నిలబడి మాట్లాడిన మహిళకు ‘నీ మాట ఇక్కడిదాకా వచ్చింది, ఈ పని జరిగింది, ఇది జరగలేదు, కారణం ఇది’ అని ఎవరో ఒకరు తిరిగి వెళ్లి చెప్పాలి. ఆ ఒక్క కబురు గూడేనికి చేరితే తర్వాతి ఎన్నికకు పిలుపు సగం అక్కర్లేదు. జనమే ఒకరినొకరు పిలుచుకుని వస్తారు.